ఫాయిల్‌లో చుట్టిన లైసెన్సు

మా ఇంట్లో అల్యూమినియం ఫాయిల్‌కి చాలాకాలం ఒకటే పని. అమ్మాయి లంచ్ బాక్సులోకి చపాతీలు చుట్టడం. రెండో పని నేను కనిపెట్టాను. నా డ్రైవింగ్ లైసెన్సు చుట్టడం.

రెండు వేల తొమ్మిదిలో మేము అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో ఉండేవాళ్ళం. మా ఆవిడ, నేను, పదమూడేళ్ళ మా అమ్మాయి. నేను కార్లలో సీట్ల కింద ఉండే పట్టాలు డిజైన్ చేసే ఇంజనీర్ని. సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందే, ఆ పట్టాలు. మీ నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మా అమ్మాయి "హి మూవ్స్ సీట్స్" అనేది. నా చదువు, పన్నెండేళ్ళ అనుభవం కలిపి మూడు మాటల్లో తేల్చేసేది.

ఆ ఏడాది డెట్రాయిట్ చుట్టుపక్కల ఎవరిని కదిపినా ఉద్యోగాల గొడవే. మా అమ్మాయి క్లాసులో ఒక పిల్ల వాళ్ళ నాన్నకి ఉద్యోగం పోయి, ఇల్లు ఖాళీ చేసి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. మా అమ్మాయి వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "డాడీ, మనం కూడా మూవ్ అవుతామా? నీ జాబ్ పోతుందా?" అని అడిగింది. నేను గొప్పగా దాని నెత్తిమీద చెయ్యి పెట్టి, "నా ఉద్యోగానికేం కాదు, ఒట్టు" అన్నాను.

బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేయకూడదు. తప్పితే ఆ బిడ్డకే చెడు అంటారు మనవాళ్ళు. ఎవరి మీద వేశామో వాళ్ళే "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను" అంటే తప్ప ఆ దోషం పోదట. ఆ మాట మా అత్తగారు అమెరికా వచ్చినప్పుడు మనవరాలికి నేర్పారు. అది హోంవర్కు చేస్తానని అమ్మమ్మ మీద ఒట్లు వేయడం, మర్నాడు అమ్మమ్మ ఆ ఒట్లు తీసి గట్టు మీద పెట్టడం, ఆ వేసవంతా ఇదే కార్యక్రమం. ఇలాంటివి నేను నమ్మనని నలుగురిలో చెప్పుకు తిరిగేవాణ్ణి.

జూలైలో ఒక సోమవారం మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు వేసి, టిష్యూ డబ్బా నా వైపు జరిపాడు. డబ్బా చూడగానే విషయం అర్థమైంది. కింద పార్కింగ్‌లో కారులో కూర్చున్నాక నాకు గుర్తొచ్చింది ఇల్లు కాదు, జీతం కాదు. నా అరచేతి కింద మా అమ్మాయి నెత్తి గుర్తొచ్చింది. నమ్మనని ఇన్నాళ్ళూ చెప్పుకున్నవన్నీ ఆ పావుగంటలో నమ్మేశాను.

మా ఆవిడకి ఆ సాయంత్రమే చెప్పాను. అమ్మాయికి మాత్రం చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం. నిజానికి నేను అనుకున్నాను, ఆవిడ ఊరుకుంది. ఇంకో ఉద్యోగం దొరికేదాకా పిల్లకి తెలియకపోతే ఒట్టు తప్పినట్టు కాదని నా లెక్క. ఊళ్ళో మనవాళ్ళకి తెలిస్తే పిల్లల ద్వారా దానికి చేరుతుంది కాబట్టి ఎవరికీ చెప్పలేదు. రోజూ ఏడున్నరకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో పాత ఆఫీసు బ్యాడ్జీ తాడు కూడా తగిలించుకుని, ఉప్మా డబ్బాతో బయల్దేరేవాణ్ణి. నేరుగా లైబ్రరీకి. అది తెరిచేది పదింటికి. అంతవరకూ పార్కింగ్‌లో, మెయిన్ రోడ్డుకి కనపడకుండా వెనక వైపు చెట్ల దగ్గర కారు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పెట్రోలు దండగని ఇంజన్ ఆపేసేవాణ్ణి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ప్రైవసీ మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు నేను ఉల్లిపాయల మీద డిస్కౌంట్ ఇస్తామంటే ఫోన్ నంబరు, పుట్టినరోజు, మా ఆవిడ పుట్టినరోజు కూడా చెప్పే రకం. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ నా వివరాలు అడిగిన ప్రతివాడి మీదా అనుమానమే. దంతాల డాక్టరు ఆఫీసులో ఫారమ్ ఇచ్చి, ఎక్కడ పని చేస్తారో రాయమంటే, "పళ్ళకీ ఉద్యోగానికీ సంబంధం ఏమిటమ్మా?" అని దెబ్బలాడాను.

ఈ స్థితిలో విండ్సర్ నుంచి ఒక విడిభాగాల కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. విండ్సర్ అంటే మా డెట్రాయిట్‌కి నది అవతలి ఒడ్డు, కానీ కెనడా. నా అమెరికా పాస్‌పోర్టేమో, వీసా లేకుండా ఇండియా వెళ్ళొచ్చే ఓసీఐ స్టాంపు కోసం పంపించి ఉన్నాం, ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడే మా రాష్ట్రంలో కొత్త రకం లైసెన్సు మొదలుపెట్టారు. పాస్‌పోర్టు అక్కర్లేకుండా ఆ లైసెన్సు చూపించి కెనడా వెళ్ళి రావచ్చు. అందులో ఒక రేడియో చిప్ ఉంటుంది. మనం సరిహద్దులో ఆఫీసరు బూత్ దగ్గరికి చేరకముందే అక్కడి యంత్రం దూరం నుంచి దాన్ని చదివేసి, మన చరిత్రంతా ఆఫీసరు స్క్రీన్ మీద పెడుతుంది. చదివేది ఆఫీసరు యంత్రం ఒక్కటేనా, దారినపోయేవాడి యంత్రం కూడానా అని పేపర్లలో వాదనలు జరుగుతుండేవి. నేను ఆ వాదనలన్నీ చదివాను. నాకు తీరికకేం తక్కువ!

లైసెన్సు ఆఫీసులో కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. "చిప్‌లో మీ పేరు ఉండదు, ఒక నంబరు మాత్రమే ఉంటుంది" అని ఓపిగ్గా చెప్పింది.

"నంబరు ఉంటే చాలు కదండీ, జైల్లో ఖైదీకి మాత్రం ఏముంటుంది?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "తీసుకుంటారా, మానేస్తారా?" అంది. తీసుకున్నాను. కొన్నాళ్ళకి పోస్టులో కార్డు వచ్చింది. ఎవరూ దొంగచాటుగా చదవకుండా ఒక రక్షణ కవరు కూడా ఇచ్చారు. వాళ్ళే కార్డు ఇచ్చి, వాళ్ళే కవరు ఇస్తే ఆ కవర్ని ఎలా నమ్మడం? వంటింట్లోకి వెళ్ళి ఫాయిల్ తెచ్చి, కవరు మీద రెండు చుట్లు చుట్టాను.

మా ఆవిడ పోపు వేస్తూ చూసింది. "మీ గురించి తెలుసుకుని వాళ్ళేం చేస్తారండీ? పొద్దున్నే ఉప్మా తిన్నారని రాసుకుంటారా?"

"నీకు తెలియదులే."

"పాస్‌పోర్టులో కూడా చిప్ ఉందిగా?"

"దాన్ని ముక్కు దగ్గర పెడితే తప్ప యంత్రం చదవలేదు. దీన్ని వీధి చివర నుంచి చదివేస్తుంది." ఆవిడ పొయ్యి తగ్గించి, మూత పెట్టి, అక్కడ్నుంచి వెళ్ళిపోయింది. మా ఇంట్లో చర్చలు ఇలాగే ముగిసేవి.

ఇంటర్వ్యూకి రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి తిరిగొస్తుంటే అమెరికా వైపు ఆఫీసరు ఎక్కడ పని చేస్తారని అడిగాడు. కారులో నేనొక్కణ్ణే. లేఆఫ్ అయ్యానని, ఇంటర్వ్యూకి వెళ్ళొస్తున్నానని హాయిగా చెప్పేశాను. అతను తలూపి కీబోర్డు మీద ఏదో టైప్ చేశాడు. ఏం టైప్ చేశాడు? ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. "ఉద్యోగం లేనివాడు" అని రాసి ఉంటాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

అక్టోబరులో విండ్సర్‌లో ఉండే మా పిన్నిగారు ఫోన్ చేసి, మనవడికి అన్నప్రాసన, అందరూ రండి అన్నారు. మాకు రెండిళ్ళ అవతల కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది, వాళ్ళనీ పిలిచారు. అతను నాకు మంచి మిత్రుడు, నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. వాళ్ళ అమ్మాయీ మా అమ్మాయీ ఒకే క్లాసు, ఒకే స్కూల్ బస్సు. మేము మా కారులో వస్తాం, మీరు మీ కారులో రండి అంటే అతను వినలేదు.

"ఏందన్నా, ఏడు సీట్ల వ్యాన్ పెట్టుకొని రెండు కార్లేంది? అందరం ఒక్కదాంట్లనే పోదాం. నేనే డ్రైవ్ చేస్త."

కాదనడానికి కారణం దొరకలేదు. బయల్దేరే ముందు ఫాయిల్ ఇంకో చుట్టు చుట్టాను. బూత్‌కి ముందే యంత్రం నా కార్డుని చదవకపోతే ఆఫీసరు స్క్రీన్ ఖాళీగా ఉంటుందని, పిల్ల ముందు నా ఉద్యోగం మాట ఎత్తడని నా ప్లాను. "చేతికిచ్చాక చదవడా?" అంది మా ఆవిడ. చదువుతాడు, కానీ వెనక అన్ని కార్లు పెట్టుకుని పాత కథలన్నీ చదివే తీరిక ఉండదన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నాకే సిగ్గేస్తుంది. పట్టాలు డిజైన్ చేసిన బుర్ర ఇదేనా అనిపిస్తుంది.

వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అన్నప్రాసన బ్రహ్మాండంగా జరిగింది. పిల్లవాడి ముందు పెన్ను, పుస్తకం, బంగారం పెడితే వాడు అన్నీ తోసేసి వీడియో తీస్తున్నవాడి బూటు పట్టుకున్నాడు. పులిహోర, గారెలు, పాయసం. బయల్దేరేటప్పుడు మా పిన్నిగారు ఇంటిల్లిపాదికీ ఫాయిల్‌లో పొట్లాలు కట్టి ఇచ్చారు. చాలు పిన్నీ అంటున్నా వినకుండా, గుమ్మం దగ్గర నా కోటు జేబులో ఇంకో చిన్న పొట్లం కుక్కి, "దారిలో తిను నాయనా, చిక్కిపోయావు" అన్నారు. నా లైసెన్సు ఉన్నది కూడా ఆ జేబులోనే.

తిరుగు దారిలో వంతెన దాటగానే బూత్‌ల ముందు పెద్ద బోర్డు కనిపిస్తుంది. కార్డులు కవర్లోంచి తీసి పైకి పట్టుకోండి అని. మిత్రుడి దగ్గరా, ఆడవాళ్ళ దగ్గరా పాస్‌పోర్టులు ఉన్నాయి, పిల్లల దగ్గర బర్త్ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆ బోర్డు చెప్పింది వినాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ముందు సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"అన్నా, నీ కార్డు తియ్యవా?"

"బూత్ దగ్గర ఇస్తాలే."

"గ్రోసరీ స్టోర్ల అడిగితే పుట్టిన తారీఖుతో సహా ఇస్తవ్. గవర్నమెంటుకు ఇయ్యవా?" అని నవ్వాడు. ముందు కారు కదిలింది. వ్యాన్ బూత్ దగ్గరికి వచ్చి ఆగింది. నేను కంగారుగా జేబులో చెయ్యి పెట్టి పొట్లం తీసి ఇచ్చాను. అతను చూడకుండానే మిగతావాటి మీద పెట్టి ఆఫీసరుకి అందించాడు.

ఆఫీసరు పెద్ద మనిషి, మీసాలు కూడా ఉన్నాయి. పొట్లం అటూ ఇటూ తిప్పి, గ్లవ్స్ తొడుక్కుని మరీ విప్పాడు. రెండు గారెలు. వాటి చిల్లుల్లోంచి మా వైపు చూశాడు.

"వాట్ ఈజ్ దిస్?"

వెనక సీట్లో పిల్లలిద్దరూ పగలబడి నవ్వారు. మినప్పప్పుతో చేసిన డోనట్ సర్, పొరపాటున ఇచ్చాను, లైసెన్సు కూడా ఇలాగే చుట్టుకున్నాను అని అసలు పొట్లం ఇచ్చాను. అతను మూడు చుట్ల ఫాయిల్ విప్పాడు, కవరు విప్పాడు, కార్డు బయటికి తీశాడు. ఎందుకింత జాగ్రత్త అన్నాడు. ప్రైవసీ అన్నాను. మంచిదే అని కార్డుని యంత్రం మీద పెట్టి, స్క్రీన్ వైపు తిరిగి, తీరిగ్గా చదివాడు. అతనికి బోలెడంత తీరిక ఉంది.

"ఈ నెల రోజుల్లో ఇది మూడోసారి. పని మీద వెళ్తున్నారా? ఎక్కడ పని చేస్తారు?"

రేడియో తరంగాల గురించి అంత చదివాను కానీ, ఆఫీసరుకి నోరుంటుందని, వ్యాన్‌లో అందరికీ చెవులుంటాయని ఆలోచించలేదు. పాత కంపెనీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం చెబితే ఇక్కడ కుదరదు, అది నేరం. నిజం చెబితే వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. అద్దంలోకి చూశాను. అది నవ్వడం ఆపి నన్నే చూస్తోంది.

"ప్రస్తుతం ఎక్కడా చేయట్లేదు సర్. జూలైలో లేఆఫ్ అయ్యాను. ఇంటర్వ్యూలకి వెళ్ళొచ్చాను" అన్నాను. ఇంగ్లీషులో అంత స్పష్టంగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఆఫీసరు కార్డు, గారెలు రెండూ తిరిగి ఇచ్చి, "గుడ్ లక్" అన్నాడు. వ్యాన్ కదిలింది. హైవే ఎక్కింది.

"జూలైలనా అన్నా?" అన్నాడు మిత్రుడు చివరికి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మూడు నెలలాయె. పొద్దున లేస్తే నీ మొహమే చూస్త. నాకొక్క మాట చెప్పకపోతివి." అతని గొంతులో కోపం లేదు, బాధ ఉంది. అది నాకింకా కష్టమైంది.

అప్పుడు వెనక నుంచి వాళ్ళ అమ్మాయి గొంతు వినిపించింది. మా అమ్మాయితో గుసగుసగా అంటున్నాననుకుంది, కానీ వ్యాన్ అంతా వినిపించింది. "బట్ యు సెడ్ అంకుల్ ఆఫీస్‌లో కన్‌స్ట్రక్షన్ అవుతోందని! అందుకే లైబ్రరీలో వర్క్ చేస్తున్నారని!"

మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా ఆవిడ కొంగు కళ్ళకి అద్దుకుంది. నాకు అర్థం కావడానికి ఇంకో రెండు మైళ్ళు పట్టింది.

మెయిన్ రోడ్డుకి కనపడకూడదని నేను కారు పెట్టే ఆ వెనక వైపు, చెట్ల దగ్గర, స్కూల్ బస్సు మలుపు తిరుగుతుంది. ఎనిమిదీ పదికి, రోజూ. సెప్టెంబరులో స్కూలు తెరిచిన రోజు నుంచీ మా అమ్మాయి నన్ను చూస్తోంది. పక్క సీట్లో పిల్ల అది మీ డాడీ కారు కదా అని అడిగితే, అప్పటికప్పుడు ఆఫీసులో కన్‌స్ట్రక్షన్ మొదలుపెట్టించింది. ఆ అబద్ధాన్ని నెల పైగా రోజూ కాపాడింది. కన్‌స్ట్రక్షన్ ఎంతవరకు వచ్చిందో కూడా చెప్పేదట, ఇప్పుడు పెయింటింగ్ వేస్తున్నారని.

ఇంటికొచ్చాక నేను సోఫాలో కోటు కూడా విప్పకుండా కూర్చున్నాను. అది వచ్చి పక్కన కూర్చుని నా జేబులోంచి గారెల పొట్లం తీసుకుంది. ఒకటి నాకిచ్చింది.

"అమ్మకి ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

"నువ్వు సీక్రెట్ అనుకున్నావ్ కదా. నీ సీక్రెట్ నేను ఎలా చెప్తాను?"

"నీ మీద ఒట్టు వేశానమ్మా. నీ ఉద్యోగం పోదని... నా ఉద్యోగం పోదని." మాట తడబడింది.

"అది నేను తీసేశా డాడీ. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశా. ఫస్ట్ డేనే, బస్సులో. అమ్మమ్మ చెప్పినట్టే, ఐ సెడ్ ఇట్ త్రీ టైమ్స్." గారె చిల్లులో వేలు పెట్టి తిప్పుతూ, "బట్ కార్‌లో ఇంజన్ ఆన్ చేసుకో. కోల్డ్ కదా. నువ్వు ఉప్మా తింటూ ఇట్లా ఇట్లా చేతులు రబ్ చేస్తావ్. ఐ డోంట్ లైక్ దట్" అంది.

నేను ఏడ్చాను. మేనేజరు టిష్యూ డబ్బా జరిపినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. అది నా వీపు మీద, చిన్నప్పుడు మేము దాన్ని జోకొట్టినట్టు, నెమ్మదిగా తట్టింది.

మర్నాడు మిత్రుడు నా రెజ్యూమె అడిగి తీసుకుని, తనకి తెలిసినవాళ్ళందరికీ పంపాడు. విండ్సర్ ఉద్యోగం నాకు రాలేదు. జనవరిలో వేరే ఊళ్ళో కాదు, నోవైలోనే ఒకటి వచ్చింది, మళ్ళీ సీట్ల పనే. ఇల్లు మారలేదు. ఆ లైసెన్సు గడువు తీరేదాకా వాడాను, ఫాయిల్ లేకుండా, వాళ్ళిచ్చిన కవరులోనే. ఆ చిప్ మీద నా అనుమానం మాత్రం ఇప్పటికీ పోలేదు. వీధి చివర నుంచి మనిషిని చదివే యంత్రం మంచిది కాదనే అంటాను.

కానీ అన్నప్రాసన అయిన తర్వాతి సోమవారం సంగతి చెప్పాలి. ఏడున్నరకి బయల్దేరాను, బ్యాడ్జీ తాడు లేకుండా. లైబ్రరీ వెనక అదే చోట కారు పెట్టి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, హీటర్ వేసుకున్నాను. ఎనిమిదీ పదికి కారు దిగి మలుపు దగ్గర నిలబడ్డాను. బస్సు వచ్చింది. మూడో కిటికీలోంచి మా అమ్మాయి ముందు నన్ను చూడలేదు, నా కారు పొగ గొట్టం వైపు చూసింది. పొగ వస్తోంది. అప్పుడు చెయ్యి ఊపింది.